వీధికో మనిషి, చేతిలో ఫోను

‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది’ అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. గుమ్మం దిగి చూస్తే కాలువ నిన్నటిలాగే పొర్లుతూ ఉంటుంది. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మన పట్టణాల్లో ఈ అనుభవం లేని వీధి తక్కువ. గడువు దాటకుండా ఎవరో కంప్యూటర్లో ఫైలు మూసేశారు, కాలువలో మాత్రం ఎవరూ పార దించలేదు. మళ్లీ ఫిర్యాదు పెడితే కొత్త నంబరు వస్తుంది, కథ మొదటికి వస్తుంది. రెండుసార్లు ఇలా జరిగాక మూడోసారి ఎవరికి ఓపిక ఉంటుంది? చివరికి ఫిర్యాదులు తగ్గాయని కాగితం మీద లెక్క తేలుతుంది. దోమలు తగ్గవు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం లాంటి ఊళ్లకు టెక్నాలజీ రాలేదని ఎవరూ అనలేరు. కూరగాయల బండికి క్యూఆర్ కోడ్ వేలాడుతోంది. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే కొడుకు పంపిన డబ్బు నిమిషంలో గంజాంలో ఉన్న అమ్మ ఖాతాలో పడుతోంది. ఆ కొడుకే ఇంటి ముందు వెలగని వీధి దీపం గురించి సూరత్ నుంచి ఫోన్లో ఫిర్యాదు పెట్టగలడు. కానీ దీపం వెలిగిందో లేదో చూసి చెప్పాల్సింది ఇక్కడివాళ్లే. అందుకే ఇంకో యాప్ తెస్తామని ఎవరైనా అంటే మాకు పెద్దగా ఉత్సాహం కలగడం లేదు. యాప్‌కూ కాలువకూ మధ్య ఆ వీధి తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. పని కాకపోతే ఎదురుపడి ‘ఏమైందమ్మా’ అని అడగగలిగేంత దగ్గరగా ఉండాలి.

అలాంటి మనిషి కోసం ఎక్కడో విదేశాల్లో వెతకక్కర్లేదు. ఒడిశా పట్టణాల్లో జలసాథీలు ఉన్నారు. స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన ఈ మహిళలు ఇంటింటికీ తిరిగి మీటరు చూస్తారు, నీటి బిల్లు ఇస్తారు, డబ్బు కట్టించుకుంటారు, కుళాయి నీళ్లు పరీక్ష చేస్తారు. నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే పద్ధతి చాలా సులువు. ‘పిన్నీ, కుళాయి తిప్పి కాసిన్ని నీళ్లు పట్టు’ అని అడిగి, చిన్న గొట్టంలో పోసి, కొన్ని చుక్కలు మందు వేసి కలిపితే లేత పసుపు రంగు తిరగాలి. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిపడా కలిపినా చివరి ఇంటికి వచ్చేసరికి రంగే రావడం లేదంటే, దారిలో ఎక్కడో పైపు చిల్లుపడి మురుగు చేరుతోందని అనుమానించాల్సిందే. ఈ సంగతి ఇంటావిడ కళ్లెదుటే తేలిపోతుంది. ల్యాబ్ రిపోర్టు చదవడం రాని మనిషికి కూడా రంగు కనిపిస్తుంది.

2021 జులైలో పూరీ పట్టణంలో రోజంతా కుళాయి నుంచే నేరుగా తాగగలిగే నీరు ఇవ్వడం మొదలైంది. దేశంలో ఆ ఘనత దక్కిన మొదటి పట్టణం అదే. కొత్త పైపులు, సెన్సర్లు, ఆన్‌లైన్ పర్యవేక్షణ అన్నీ అందులో భాగమే, కాదనలేం. కానీ కుళాయి నీళ్లు తాగమంటే జనం ఎందుకు నమ్ముతారు? తెలిసిన మనిషి ఇంటికొచ్చి పరీక్ష చేసి చూపిస్తేనే నమ్మకం కుదురుతుంది. ఈ పద్ధతిని నీళ్లతోనే ఆపేయడం ఎందుకని మా ప్రశ్న. చెత్త, కాలువ, వీధి దీపం, డెంగీ దోమలు గుడ్లు పెట్టే డ్రమ్ములు, వీటన్నిటికీ వీధి తెలిసిన కన్ను కావాలి.

ఇళ్ల పట్టాల విషయంలోనూ ఇదే చూశాం. 2017లో ఒడిశా మురికివాడల్లో ఉండేవాళ్లకు భూహక్కు ఇచ్చే చట్టం తెచ్చింది. మొదట గంజాం, పూరీ జిల్లాల చిన్న పట్టణాల్లో డ్రోన్లు ఎగరేసి బస్తీలను కొలిచారు. డ్రోన్ తీసిన ఫొటోలో రేకులు, తాటాకులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ రేకు కింద అన్నదమ్ముల కుటుంబాలు రెండున్నాయో మూడున్నాయో కనిపించదు. అందుకే ఇంటింటికీ తిరిగి రాసుకుని, బస్తీ సంఘాన్ని కూర్చోబెట్టి మ్యాపు చూపించి, వాళ్లు ఔనన్నాకే ముందుకు వెళ్లారు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా వచ్చింది. జగా మిషన్ అనే ఈ పట్టాల కార్యక్రమానికి 2019లో వరల్డ్ హ్యాబిటాట్ అవార్డు దక్కింది. ఏళ్ల తరబడి నడిచే కొలతల పని డ్రోన్ వల్ల తొందరగా అయింది. తగవులు లేకుండా అయిందంటే అది బస్తీ సంఘాల వల్ల.

గోపాల్‌పూర్ దగ్గరి వెంకటరాయపూర్‌ను కూడా తలుచుకోవాలి. గంజాం తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారులు చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఆ తీరంలోని ఈ ఊరికి 2020లో సునామీని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉన్న గ్రామంగా యునెస్కో గుర్తింపు ఇచ్చింది. హెచ్చరిక వస్తే ఎటు పరిగెత్తాలో తెలిపే దారి పటాలు, ఊరి కమిటీ, ప్రాక్టీసు, ఇవన్నీ ఉంటేనే ఆ గుర్తింపు వస్తుంది. సముద్రం ఒడ్డున చిన్న పల్లె ఇంత చేయగలిగింది. మునిసిపల్ ఆఫీసు, బడ్జెట్టు, ఇంజినీర్లు ఉన్న పట్టణం వానాకాలంలో ఏ వీధి మునుగుతుందో పటం గీసి గోడకు అతికించలేదా?

ఇక భాష సంగతి. ఇది మన తెలుగువాళ్లను రోజూ ఇబ్బంది పెట్టే విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతున్నాం. బరంపురంలో, పర్లాకిమిడిలో పెద్దవాళ్లకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లిష్ మీడియంలోనో చదివారు కనుక ఇంట్లో తెలుగు మాట్లాడతారు తప్ప తెలుగు అక్షరాలు గుర్తుపట్టలేరు. అంటే ఒడియాలో నోటీసు పెడితే తాతకు అందదు, తెలుగులో పెడితే మనవడికి అందదు. ఇద్దరికీ అందేది మాట ఒక్కటే. ఫోన్లో మాట్లాడి ఫిర్యాదు చెప్పే వీలుంటే చాలు, లిపి గొడవే ఉండదు. కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణి అనే అనువాద వేదిక సరిగ్గా ఇలాంటి అవసరానికే ఉంది. తెలుగులో చెప్పిన మాటను ఒడియాలో అక్షరాలుగా మార్చి అధికారి ముందు పెట్టడం ఇప్పుడు సాధ్యమే. యంత్రం తప్పులు చేస్తుంది, నిజమే. మన ఉత్తరాంధ్ర యాసకు అది తడబడుతుంది కూడా. అక్కడే మళ్లీ వీధి మనిషి అవసరం పడుతుంది, ‘ఆవిడ అన్నది ఇదీ’ అని సరిచేయడానికి.

బరంపురంలో బస్సెక్కితే ఇచ్ఛాపురం ఎంతో దూరం లేదు. 2025 జనవరి నుంచి అక్కడివాళ్లు మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుకుంటున్నారు. సరిహద్దుకు ఇటు ఉన్నంత మాత్రాన తెలుగు మాట్లాడే అవ్వ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు రాసిపెట్టేవాళ్లకు డబ్బులిచ్చి తిరగాల్సిన పని ఏముంది? ఒడిశా ప్రభుత్వం ఏ కొత్త సేవ తెచ్చినా సరిహద్దు జిల్లాల్లో అది తెలుగులోనూ వినిపించాలి, కొండ ప్రాంతాల్లో సవర, కువి భాషల్లోనూ వినిపించాలి. మన భాష కోసం అడుగుతూ వాళ్ల భాషను మరిచిపోవడం న్యాయం కాదు.

ఇన్ని కమిటీలు ఎవరు నడుపుతారని కొందరు పెదవి విరుస్తారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రను చూసినవాళ్లు ఆ మాట అనరు. నేతపని చేసే డేరా కులానికి పెద్ద అయిన దేశీ బెహెరా ఇంటి ఆడపడుచుగా అమ్మవారు పుట్టింటికి వచ్చే ఆ రోజుల్లో వీధి వీధికీ కమిటీ ఉంటుంది. చందాలు వసూలవుతాయి, రథాలు లేస్తాయి, లైట్లు వెలుగుతాయి. తెలుగిల్లు, ఒడియా ఇల్లు అని తేడా రాదు. ఆ కుర్రాళ్ల ఫోన్లలో వీధి వాట్సాప్ గ్రూపులు యాత్ర అయిపోయాక పండగ శుభాకాంక్షలకే మిగిలిపోతున్నాయి. వాటికి మిగతా రోజుల్లోనూ పని చెప్పాలి.

మునిసిపాలిటీలను మేం కోరేవి కొన్నే. ఫిర్యాదు మూసే అధికారం ఆఫీసుకు ఉండకూడదు. పని అయిందని ఇంటివాళ్లు చెప్పాకే, వీధి మనిషి ఫొటో తీశాకే అది మూతపడాలి. వార్డులో ఎన్ని ఫిర్యాదులు పెండింగ్‌లో ఉన్నాయో నెలకోసారి రేషన్ షాపు గోడ మీద రాయాలి, ఫోన్ లేనివాళ్లు కూడా చూసేలా. ఈ పని చేసే మహిళకు వార్డు పేరిట ఫోను, సిమ్ ఇవ్వాలి. ఆమె సొంత నంబరు గోడకెక్కితే రాత్రి పూట వచ్చే కాల్స్ టెన్షన్ ఎలా ఉంటుందో ఆడవాళ్లనడిగితే చెబుతారు. అన్నిటికన్నా ముఖ్యం జీతం. వసూలు చేసిన బిల్లుల మీద వచ్చే ప్రోత్సాహకానికి తోడు నెలనెలా నికరంగా కొంత చేతికందాలి. మీ నీళ్లు బాగాలేవని నిజం చెప్పాల్సిన మనిషే ఆ నీళ్లకు బిల్లు కట్టించుకోవాలి. ఆ నిజం చెప్పినందుకు ఆమె రాబడి తగ్గే ఏర్పాటు ఉండకూడదు.

మన జిల్లాలకు తుఫాన్ల నెల అక్టోబరు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. ప్రతి పట్టణంలో కనీసం రెండు వార్డుల్లోనైనా ఈ పద్ధతి ఈ అక్టోబరులోపు మొదలుకావాలి. ఏ వార్డులో మొదలుపెట్టాలో కౌన్సిలర్లు తేల్చుకోలేకపోతే, కిందటి వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లొచ్చిన వీధుల పేర్లు పాఠకులు మాకు రాసి పంపండి, వరసగా ప్రచురిస్తాం.