ఫ్రేజల్ వెర్బ్స్‌కి నిజంగా తలాతోకా లేవా?

గెట్ అప్, పుట్ ఆఫ్‌లా క్రియకు ఓ చిన్న మాట తోడై ఒకే అర్థమిచ్చే జంటలే ఫ్రేజల్ వెర్బ్స్. ‘ఫ్రేజల్ వెర్బ్స్‌కి తలాతోకా ఉండదు, ఓ అయిదొందలు బట్టీ పట్టేయండి. వెనకొచ్చే అప్, ఆఫ్, అవుట్ ఉత్త ప్రిపొజిషన్లే. ఇదంతా నోటి భాష, పద్ధతైన రాతకు పనికిరాదు. ఎలాగూ ప్రతిదానికీ అదే అర్థమిచ్చే ఒంటి క్రియ ఉంది, అది వాడితే సరి.’ ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల మధ్య తెగ తిరుగుతున్న సలహా ఇది. ఇందులో ఒక్క ముక్కా పూర్తిగా నిలవదు.

ముందు తలాతోకా సంగతి. ‘అప్’ అంటే పైకి. స్టాండ్ అప్, లిఫ్ట్ అప్‌లో ఆ కదలిక కంటికి కనిపిస్తుంది. ఈట్ అప్, యూజ్ అప్‌లో ఏదీ పైకి లేవదు. పని ఆఖరిదాకా వచ్చింది, ఇక మిగల్లేదు అంతే. మనం ‘తిన్నాడు’ అనకుండా ‘తినేశాడు’ అంటే వచ్చే తేడాయే ఇది. అక్కడ మాత్రం ఎవరు దేన్ని వేశారు? అలాగే కట్ ఆఫ్, బ్రేక్ ఆఫ్, టేక్ ఆఫ్‌లలో ‘ఆఫ్’ విడదీస్తుంది.

అన్నీ ఇలా లొంగుతాయని అనను. లైట్లు ‘వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయాయి, అలారం ‘వెంట్ ఆఫ్’ అంటే మోగింది! శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే, విదేశీయులకు ఈ కలయికలు మహా కష్టమని రాశాడు. అయినా మొండివి కొన్ని ఉన్నాయని మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. గార్డ్‌నర్, డేవీస్ అనే పరిశోధకులు 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను (బ్రిటిష్ ఇంగ్లిష్ రాతలు, మాటల పెద్ద సేకరణ) జల్లెడ పడితే, కేవలం 20 క్రియలు 8 పార్టికల్స్‌తో, అంటే అప్, అవుట్ లాంటి తోడు మాటలతో, కలిసినవే ఫ్రేజల్ వెర్బ్స్ మొత్తం వాడకంలో సగానికి పైగా తేలాయి.

ఇక ‘ఉత్త ప్రిపొజిషన్లే’ అన్న మాట. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ‘షి రాన్ అప్ ఎ హిల్’, ‘షి రాన్ అప్ ఎ బిల్’ పైకి కవల పిల్లల్లా ఉంటాయి. మొదటిదాంట్లో ఆమె కొండెక్కింది, రెండోదాంట్లో బాకీ పెంచుకుంది. నామవాచకం తీసి ‘ఇట్’ పెట్టి చూడండి. కొండైతే ‘రాన్ అప్ ఇట్’, బాకీ అయితే ‘రాన్ ఇట్ అప్’. తారుమారు చేస్తే కుదరదు. ప్రిపొజిషన్ తన వెనకున్న నామాన్ని వదలదు. పార్టికల్ క్రియకు చెందినది, అందుకే సర్వనామం ఆ రెంటి మధ్యలో దూరుతుంది. ‘పికప్ ఇట్’ తప్పై, ‘పిక్ ఇట్ అప్’ ఒప్పు కావడానికి కారణం ఇదే.

రాతకు పనికిరాదా? 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తెరవండి. నిరంకుశ ప్రభుత్వాన్ని వదిలించుకోవడం ప్రజల విధి అనే చోట ‘త్రో ఆఫ్’ ఉంది, బ్రిటిష్ పాలకులు తమ వ్యాపారాన్ని తెంచేశారన్న ఆరోపణలో ‘కటింగ్ ఆఫ్’ ఉంది. అంతకంటే పద్ధతైన రాత ఏం కావాలి? పరిశోధన పత్రాల్లోనూ క్యారీ అవుట్, పాయింట్ అవుట్ మామూలే.

చివరగా ఒంటి క్రియలు. ‘పుట్ ఆఫ్’కి బదులు ‘పోస్ట్‌పోన్’ చాలాచోట్ల సరిపోతుంది, కాదనను. కానీ ‘ఫైండ్ అవుట్’ అంటే సంగతి తెలుసుకోవడం. దాన్ని ‘డిస్కవర్’కి జవాబుగా బట్టీ పట్టినవాడు, కొలంబస్ అమెరికాను ‘ఫౌండ్ అవుట్’ అని రాసి కూర్చుంటాడు. ‘గెట్ అప్’ మానేసి, ఏడింటికి ‘ఐ రోజ్’ అన్నారనుకోండి. వ్యాకరణం తప్పు పట్టదు గానీ, విన్నవాళ్లు మిమ్మల్ని ఏ పాత నవలలోంచో దిగొచ్చారనుకుంటారు.