ఎవరూ బాధ్యులు కారు

మా సిక్కోలు జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. మొన్న కార్తీకమాసంలో పిక్నిక్ అని పిల్లలు గోల పెడితే అందులో ఓ బీచ్‌కు వెళ్లాం. పేరు చెప్పను. మీరు వెళ్లిందే అనుకోండి, తేడా పడదు.

అక్కడ పర్యాటకుల భద్రతకు చేసిన ఏర్పాటు చూసి చేతులెత్తి దండం పెట్టాను. ఒక రేకు బోర్డు. 'ఇచ్చట స్నానము ప్రమాదకరము. జరుగు ప్రమాదములకు ఎవరూ బాధ్యులు కారు.'

ఎంత ముందుచూపు! లైఫ్‌గార్డును పెడితే జీతమివ్వాలి, మధ్యాహ్నం అన్నానికి వెళ్తాడు, పండక్కి సెలవడుగుతాడు. బోర్డుకు ఈ గొడవ లేదు. ఎండకూ వానకూ నిలబడే డ్యూటీ చేస్తుంది. కాస్త తుప్పు పడుతుంది, అంతే.

పక్కనే మరుగుదొడ్లు. తలుపు కన్నా ప్రారంభోత్సవ శిలాఫలకం పెద్దది. తలుపుకు తాళం. మా ఆవిడ మొహం చూసి తాళంచెవి వేటకు బయల్దేరాను. మురీ మిక్చర్ బండి అతను టీకొట్టు ముసలమ్మను అడగమన్నాడు.

"తాళం వాచ్‌మేన్ కాడుంటాది నాయినా."

"అతనేడీ?"

"నర్సన్నపేటలో పెళ్లికెల్లాడు."

"చెవి ఎవరికైనా ఇచ్చి వెళ్లాలి కదా?"

"జేబులో ఉండిపోనాది."

"పెళ్లవగానే వచ్చేస్తాడా?"

"ఎలా వొస్తాడు బావూ? పెళ్లి ఆడిదే. మూడు నిద్దర్లయినాకే."

కొత్త పెళ్లికొడుకును తొందరపెట్టడం పాపం. మా ఆవిడను ముసలమ్మే తన పెరట్లోకి తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "తాళం తీసినా ఏటుందిలే, నీల్లు నేవు" అంది.

సంక్రాంతి దాటాక ఇదే తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. వాటి గుడ్లను ఏరి, కంచె కట్టి, ఇసుకలో పాతి, 45 నుంచి 60 రోజులు కాపలా కాసి, పిల్లల్ని దగ్గరుండి సముద్రంలోకి సాగనంపుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తాబేలుది మొదటి షెడ్యూలు. నాకేం అసూయ లేదు, అలాగే చూసుకోవాలి. మా పిల్లలు ఏ షెడ్యూల్లోకి వస్తారో ఎవరైనా చెబితే దరఖాస్తు పెట్టుకుంటాను.

ఒడ్డుకు కొట్టిన అలల నీరు ఒకచోట పాయకట్టి లోపలికి లాగుతుంది. పైకి ఆ చోటే అలల్లేక నిమ్మళంగా ఉంటుంది. పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ లాగుడుకు ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది బయటపడాలి. ఈ ఒక్క ముక్క బోర్డు మీద రాయడానికి ఎన్ని డబ్బాల రంగు కావాలయ్యా? రెండు జెండాలు, ఒక తాడు, నాలుగు ట్యూబులు, సెలవు రోజుల్లోనైనా ఇద్దరు జాలరి కుర్రాళ్లకు కూలి. అధికారులూ, నాయకులూ, ఇదీ మీకు బరువేనా? ఇప్పుడూ ఎవరైనా మునిగితే లుంగీ ఎగ్గట్టి దూకేది ఆ కుర్రాళ్లే, పైసా లేకుండా. శవం దొరికాక వచ్చి, యువత జాగ్రత్తగా ఉండాలని మైకులో చెప్పేది మీరు. తప్పంతా పోయిన పదిహేడేళ్ల పిల్లాడిదన్నమాట. వాడి తల్లి ఇసుకలో పడి ఏడుస్తుంటే ఆ మాట ఎలా వస్తుందయ్యా నోటికి?

సాయంత్రం బయల్దేరుతుంటే ఇసుకలో 'ఐ లవ్' అని ఆరడుగుల అక్షరాలు నిలబెడుతున్నారు. వాటికి రంగుల లైట్లట, కరెంటు కూడా లాగేశారు. సెల్ఫీలకు అడ్డమొస్తోందని ఆ రేకు బోర్డును పీకి పక్కన పడేశారు. మిక్చర్ బండి అతను దాని మీద ఉల్లిపాయలు తరుగుతున్నాడు.