ఆపడానికైనా ఒక యాంటీవైరస్ ఉండాలి

ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనడం దండగ అని ఈ మధ్య చదువుకున్న పిల్లలు బాహాటంగా ప్రచారం చేస్తున్నారు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి డిఫెండర్ అనే రక్షణ విండోస్‌లోనే ఉన్నదనీ, దానికి రుసుము లేదనీ, మామూలు గృహస్థుకు అది చాలుననీ వారి వాదన. అందులో వాస్తవం లేకపోలేదు. అయితే ఊరికే వచ్చినదాన్ని రక్షణ అని నమ్మి నిద్రపోగల గుండె ధైర్యం మన మధ్యతరగతికి ఇంకా అలవడలేదన్న సంగతిని వారు లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ ధైర్యం వచ్చేదాకా యాంటీవైరస్ పక్షాన నాలుగు మాటలు చెప్పే బాధ్యతను ఎవరో ఒకరు తలకెత్తుకోక తప్పదు.

కొన్న యాంటీవైరస్‌లోని గొప్పతనం ఏమిటంటే, అది కంటికి కనబడుతుంది. డిఫెండర్ తన పని తాను చేసుకుంటూ ఒక మూలన పడి ఉంటుంది గానీ, తన ఉనికిని చాటుకోవడం దానికి తెలియదు. కొన్నది అలా కాదు. కంప్యూటర్ తెరవగానే పలకరిస్తుంది, సరిగ్గా మనకు తొందర పని ఉన్నప్పుడే స్కాన్ మొదలుపెడుతుంది, గడువు ఇంకా నెల ఉండగానే రెన్యువల్ సంగతి రోజూ ఎత్తుతుంది, పనిలో పనిగా ఇంటర్నెట్‌లో మన జాడను దాచే వీపీఎన్ కూడా తీసుకొమ్మని బతిమాలుతుంది. వైరస్ పట్టిన కంప్యూటర్ కూడా అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుందని గిట్టనివాళ్ళు అంటారు. అనవచ్చు గాక, వైరస్‌కు జీఎస్టీ బిల్లు ఉండదు కదా.

ఐబీఎం తరహా పర్సనల్ కంప్యూటర్లలో తొలి వైరస్‌గా పేరుపడిన ‘బ్రెయిన్’ను 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసి, తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు అందులోనే రాసి మరీ వదిలారు. తరువాతి వైరస్‌లలో అంతటి పెద్దమనిషి తరహా కనబడలేదు. కానీ మనుషుల వివరాలపై ఆ శ్రద్ధ లోకంలోంచి పూర్తిగా మాయం కాలేదు. అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థ తన వినియోగదారులు ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో ఓపికగా సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. 2020లో గుట్టు రట్టయ్యాక ఆ దుకాణం మూసేసింది. ఈ సేవకు గుర్తింపుగా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో దానిచేత 1.65 కోట్ల డాలర్లు కట్టించింది.

యాంటీవైరస్ అతిజాగ్రత్తకు పోతే ఏమవుతుందో 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ చేసి చూపింది. ఆనాటి అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలోని అత్యవసరమైన ఫైలునే వైరస్‌గా పోల్చుకుని తొలగించడంతో, ఎన్నో కంప్యూటర్లు మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. జనం దీన్ని తప్పు పట్టారు గానీ, పనిచేయని కంప్యూటర్‌కు ఏ వైరస్ మాత్రం ఏం హాని చేయగలదు? ఆ కంపెనీని స్థాపించిన జాన్ మెకాఫీయే, అప్పటికే దానితో సంబంధం తెంచుకున్నవాడై, దాన్ని కంప్యూటర్ నుంచి ఎలా తొలగించాలో 2013లో ఒక వీడియోలో చెప్పాడు. అది వేరే సంగతి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫొటోషాప్ మొదలుకొని ‘అను’ తెలుగు ఫాంట్ల దాకా దేనికీ పైసా చెల్లించని ఇళ్ళు మన దగ్గర కోకొల్లలు. పక్కింటి కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చే ఆ దొంగ కాపీతోపాటు వచ్చే సూచనల్లో తరచుగా మొట్టమొదటి వాక్యమే ‘ముందుగా మీ యాంటీవైరస్‌ను ఆపివేయండి’ అని ఉంటుంది. యాంటీవైరస్ వద్దనే మేధావులు ఇక్కడ సమాధానం చెప్పాలి. అది లేని ఇంట్లో ఈ ఆజ్ఞను పాటించడం ఎలా? డిఫెండర్‌ను ఆపవచ్చు, నిజమే. కానీ ఆపినా కొంతసేపటికి తనంతట తానే మళ్ళీ లేచి కూర్చునే చెడ్డ అలవాటు దానికి ఉంది. ఏడాది చందా కట్టి తెచ్చుకున్నదైతే ‘పది నిమిషాలా, గంటా, రేపటి వరకా’ అని అడిగి మరీ కళ్ళు మూసుకుంటుంది. మనం విండోస్‌ను కూడా ఇదే పద్ధతిలో సంపాదించి, ఆ దొంగ విండోస్‌కు కాపలాగా అసలు సిసలు యాంటీవైరస్‌ను డబ్బు పోసి కొంటున్నాం. నిజాయితీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి, తీయడానికి బిట్‌కాయిన్లు అడిగింది. దాని బారిన పడినవాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా ఉన్నాయి. అది దూరిన సందును పూడ్చే అప్‌డేట్‌ను అప్పటికి మద్దతు ఉన్న విండోస్‌లన్నిటికీ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే, రీస్టార్ట్ చేయమని కంప్యూటర్ మొరపెట్టుకున్నప్పుడల్లా ‘తర్వాత చూద్దాం’ అని నొక్కే అలవాటు లేకపోతే ఆ కంప్యూటర్లకు గండం గడిచేదే. ఫొటోల నకలు ఒకటి విడిగా హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టుకున్నవాడికి తాళం వేసినవాడితో బేరమే ఉండదని కూడా అంటారు. ఇటువంటి సలహాలు ప్రమాదకరం. అందరూ నకళ్ళు తీసుకుని, అప్‌డేట్‌లు వేసుకుని కూర్చుంటే భయం పోతుంది, భయం పోతే రెన్యువల్ ఎవరు చేయిస్తారు?

ఇప్పటి దొంగలు కంప్యూటర్ జోలికి అంతగా రావడం లేదని, పెళ్ళి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో దొంగ యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలు పంపో, బ్యాంకు వాళ్ళమని ఫోన్ చేసి, దూరం నుంచే మన తెరను చూసి నడిపించే ఎనీడెస్క్ వేయించో, డిజిటల్ అరెస్టు అని బెదిరించో ఖాతా ఊడ్చేస్తున్నారని పిల్లలు మళ్ళీ అడ్డుతగులుతారు. ఆ ఎనీడెస్క్ సక్రమమైన సాఫ్ట్‌వేరే కనుక యాంటీవైరస్ దాన్ని మర్యాదగా లోపలికి రానిస్తుంది. ఓటీపీని మనమే చదివి వినిపిస్తాం కనుక అందులోనూ దాని ప్రమేయం ఉండదు. బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి లైనులో వేచి ఉన్న సమయంలో సైతం కంప్యూటర్ తెరపై ‘మీరు సురక్షితంగా ఉన్నారు’ అన్న ఆకుపచ్చ గుర్తు చెక్కుచెదరదు. అంతటి నిబ్బరాన్ని ఉచితంగా ఆశించడం న్యాయం కాదు.

కంపెనీలకు ఒక్కటే విన్నపం. ‘ఆపివేయి’ అన్న మీటను సెట్టింగుల్లో అంత లోతున దాచకుండా, రెన్యువల్ మీట పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో పెట్టించాలి. పక్కింటి కుర్రవాడికి ప్రతిసారీ ఆలస్యమవుతోంది.