వేషాల పెట్టె గారికి ఒక మనవి

మహారాజశ్రీ వాషింగ్ మెషీన్ అట్టపెట్టె గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలమే, నా సంగతే కాస్త అటూ ఇటూగా ఉంది. ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చివర్లో చెబుతాను, ముందు కడుపులో ఉన్నది కక్కనివ్వండి.

తమరు మా ఇంటికొచ్చి మూడేళ్ళు. తమతో వచ్చిన మెషీన్‌కి వారంటీ కూడా అయిపోయింది, తమరు మాత్రం పిల్లల గదిలో కిటికీ కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పిల్లల గది అన్నది బిల్డర్ ఇచ్చిన కాగితం మీద పేరు. అందులో నిజంగా ఉండేది ఇస్త్రీ బల్ల, ఇన్వర్టరు, పాతిక కిలోల బియ్యం బస్తా, చుట్టాలొస్తే వేసే మడత మంచం. మిగిలిన జాగాలో పిల్లలు ఆడుకోవాలి, ఆ మిగిలిన దాంట్లో సగం తమరే. మొదటిరోజే పాత పేపర్లవాడికి ఇచ్చేద్దామంటే మా ఆయన "ఉంచు, ఇల్లు మారేటప్పుడు పనికొస్తుంది" అన్నారు. ఇల్లు మారలేదు. కృష్ణాష్టమికి కొన్న చిన్నోడి కిరీటాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒక సాయంత్రం తమరిలో పడేశాను, అంతే, అప్పట్నించి తమరు బొక్కసం అయిపోయారు.

తప్పంతా తమరిదని అనను. బడి వాళ్ళ క్యాలెండరుది కూడా. ఆగస్టు 15కి భరతమాతో, ఝాన్సీ లక్ష్మో, అల్లూరో కావాలి. ఆ నెలలోనే 29న గిడుగు వారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం, దానికి తెలుగుతల్లి. సెప్టెంబర్ 5కి రాధాకృష్ణన్ తలపాగా, నవంబర్ 14కి నెహ్రూ కోటూ గులాబీ, సంక్రాంతికి హరిదాసు. మధ్యలో కూరగాయల రోజని ఒకటి పెట్టి మా పెద్దదానికి వంకాయ వేషం ఇచ్చారు. ఊదారంగు స్పాంజి షీటు కొని, రాత్రి పన్నెండు దాకా కుట్టి, "నేను వంకాయను, కూరగాయల్లో రారాజును" అని నూటొక్కసార్లు చెప్పించి పంపితే, అది స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని "నాకు వంకాయ కూర ఇష్టం లేదు" అని దిగిపోయింది. మూడో బహుమతి వచ్చింది! ఆ వంకాయ ఇప్పటికీ తమరి అడుగున ఉంది, మడత పడదు, చిరగదు, ఇంకొకరికి ఇద్దామంటే ఎవరూ తీసుకోరు.

అద్దెకు తెచ్చుకోవచ్చుగా అంటారేమో. తెచ్చాం. మూడు వందలు అద్దె, ఐదు వందలు డిపాజిట్. రెండ్రోజుల తర్వాత తిరిగిస్తే పిల్లనగ్రోవికి రంగు పోయిందని డిపాజిట్‌లో నూట యాభై కోశారు. సెట్టు మొత్తం కొన్నా నాలుగు వందల యాభయ్యే అని అప్పుడు తెలిసింది.

పోనీ కొన్నవాటిని తమరేమన్నా పదిలంగా దాచారా? ఆగస్టు 14 రాత్రి తమరి మూత తీస్తే పైన హరిదాసు కాషాయం పంచె, దాని కింద ఎలాస్టిక్ తెగిన గడ్డం, ఆ గడ్డానికి చుట్టుకున్న ముత్యాల దండ, దండకి తగులుకుని నెమలి పింఛం, అది కూడా నడుమ విరిగి. కిరీటం మీద ఎవరో కూర్చున్నారు, అది ఇప్పుడు దోసె. ఝాన్సీ కత్తి పిడి దొరికింది, కత్తి లేదు. బంకతో అతికించిన చమ్కీలు రాలి రాలి తమరి అడుగున ఒక పొరలా పేరుకున్నాయి. సెలవు అయ్యాక ఆఫీసు మీటింగులో మా మేనేజరు నా బుగ్గకేసి చూస్తూ మాటలు మర్చిపోవడానికి కారణం అదే.

సురభి నాటకాల వాళ్ళు 1885 నుంచీ కిరీటాలు, గదలు, తెరలు, సెట్టింగులు అన్నీ మూటగట్టుకుని పిల్లాజెల్లాతో ఊరూరా తిరిగారు. ఎక్కడ దిగితే అక్కడ సాయంత్రానికల్లా ఇంద్రసభ నిలబెట్టారు. నేను ఒకే గదిలో ఉండి, ఒక్క కత్తి వెతకలేకపోయాను.

అందుకే తమరిని తప్పించాలని పథకం వేశాను. ఆన్‌లైన్‌లో ఆరు అరల గుడ్డ అలమర ఒకటి తెప్పిస్తే వంకాయను పెట్టిన పూటే మెడ వాల్చేసింది. తర్వాత మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు ఐదు, వాటి మీద చక్కగా ప్రింటు తీసిన లేబుళ్ళు. చిన్నోడికి నాలుగేళ్ళు, చదవడం రాదు. కాబట్టి ప్రతి డబ్బా బోర్లించి చూసి, కావలసింది ఐదో దాంట్లో దొరికాక, మిగతా నాలుగింటినీ అలాగే వదిలేసి వెళ్ళేవాడు. మొత్తం రెండు వేల మూడు వందల నలభై రూపాయలు. లోపలున్న సరుకంతా కలిపినా అంత ఉండదు. చారానా కోడికి బారానా మసాలా అంటే ఇదే.

ఇంతలో మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చారు. రెండ్రోజులు నా అవస్థ చూసి, "ఇన్ని డబ్బాలెందుకే అమ్మాయ్, గోడకో దండెం కట్టుకోరాదూ" అన్నారు. దండెం! నాకు తట్టి చస్తేనా. అటక మీదున్న పాత కర్టెన్ రాడ్డును గోడ వారగా, చిన్నోడి చెయ్యి అందే ఎత్తులో బిగించాం. పాత దిండు గలీబులు నాలుగు తీసి, ఒకదాని మీద కళ్ళజోడు, ఒకదాని మీద మీసం, ఒకదాని మీద పిల్లనగ్రోవి బొమ్మ స్కెచ్ పెన్నుతో గీసి, పిన్నీసులతో దానికే వేలాడదీశాం. నాలుగోదాని మీద నేను గీసింది ఏమిటో ఎవరికీ తెలియలేదు, అందులో చిల్లర సామాను. కిరీటాల్లో పేపరు ఉండలు కుక్కి మేకులకు తగిలించాం. కలరా ఉండలు వద్దు, చిన్నోడు పిప్పరమెంటు అనుకుంటాడని ఎండిన వేపాకు పెట్టారు ఆవిడ. అటక మీద తాళం వేసే ఇనప ట్రంకు పెట్టె ఉంది, వాడొచ్చు. కానీ పిల్లలు దాగుడుమూతలాడే ఇల్లు, దాన్ని కిందికి దించనివ్వలేదు.

సర్దుతుంటే ఇంకోటి బయటపడింది. సగం వేషాలు మా మావయ్యగారి ఒక్క తెల్లపంచెలోంచే వచ్చాయి. మోకాళ్ళ పైకి కడితే గాంధీ, కాషాయం ముంచితే అల్లూరి, మళ్ళీ అదే తలకు చుడితే హరిదాసు. నా పాత పట్టుచున్నీ ఒక్కటే భరతమాతా, తెలుగుతల్లీ, కృష్ణుడి ఉత్తరీయమూ. మేం డబ్బు తగలేసిందంతా ఒకసారి వేసి పారేసే చమ్కీ సెట్ల మీద.

అన్నీ దండెం ఎక్కాక తమరిని బాల్కనీలోకి ఈడ్చాను. గంటన్నర. అంతసేపే. వచ్చి చూసేసరికి తమరు మళ్ళీ కిటికీ కింద, పక్కకి పడుకోబెట్టి. లోపల చిన్నోడు, కంసుడి చెరసాలట. పెద్దది బయట తువ్వాలు భుజాన వేసుకుని కాపలా. దండెం మీద అంత కష్టపడి తగిలించిన వేషాల్లో ఒక్కటీ ఒంటి మీద లేదు, అన్నీ లాగి చెరసాలలో పరుపు వేశారు. అత్తయ్యగారు నవ్వుతూ పప్పు రుబ్బుకోవడానికి వెళ్ళిపోయారు.

సరే, అసలు సంగతి. నిన్న రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో మెసేజ్ వచ్చింది. శుక్రవారం పెద్దది నీటిబొట్టు అవ్వాలి. గట్టి అట్ట, మూడడుగుల ఎత్తు. కొట్లో అడిగితే నూట ఇరవై అన్నాడు.

తమరి కుడి పక్క సరిగ్గా మూడున్నర అడుగులుంది, రాత్రి టేపు పెట్టి కొలిచాను. చిన్నోడు పడుకున్నాక వస్తాను, దయచేసి చప్పుడు చేయకండి.

ఇట్లు,
తమరి యజమానురాలినని ఇంకా అనుకుంటున్న
పెద్దదాని అమ్మ

తా.క.: ఆ కత్తి తమరి దగ్గరే ఉందని నాకు అనుమానం. కోసేటప్పుడు బయటపడితే ముందే చెప్పలేదని నన్ననకండి.