కొత్త ప్రజాతి ఈగ కాలుష్యంలోంచి పుట్టలేదు

సముద్రతీర ఈగల్లో కొత్త ప్రజాతిని (దగ్గరి బంధుత్వమున్న జాతుల గుంపును ప్రజాతి అంటారు) వర్ణించారన్న వార్త చేతులు మారి మారి విశాఖ వాట్సాప్ గ్రూపుల్లోకి ఇలా వచ్చింది: "కాలుష్యం వల్ల బీచుల్లో కొత్త రకం ఈగ పుట్టింది. కుడితే ప్రమాదం. సైంటిస్టులు పేరు పెట్టి ఊరుకున్నారు. పిల్లల్ని ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లకండి. వెంటనే మందు కొట్టించాలి." చదివినవాళ్లు నిజంగానే టెన్షన్ పడుతున్నారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

కాలుష్యం వల్ల పుట్టిందన్నది మొదటి తప్పు. ఒక ప్రజాతి దాని దగ్గరి బంధువుల నుంచి వేరుపడటానికి లక్షల ఏళ్లు పడుతుంది. ఏ ఫ్యాక్టరీ నీళ్లూ పదేళ్లలో ఆ పని చేయలేవు. ఈగ ఎప్పటినుంచో తీరంలోనే ఉంది, మనిషి ఇప్పుడు గుర్తించాడు, అంతే. మ్యూజియం అరల్లో దశాబ్దాలపాటు పడి ఉన్న నమూనాల్లోంచి కొత్త ప్రజాతులు బయటపడటం కూడా ఈ రంగంలో మామూలే.

ఇక కుట్టడం గురించి. ఈ ఈగల కుటుంబం పేరు కెనాసిడే. కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే చిన్న ఈగలు, ఎక్కువగా బూడిద రంగువి. మనిషి రక్తం పీల్చే నోరు వీటికి లేదు. చాలా జాతుల పిల్లపురుగులు ఆటుపోట్ల మధ్య తడిసే రాళ్ల మీది నాచు తిని బతుకుతాయి. తెన్నేటి పార్కు కింద, యారాడ దగ్గర అలలు కొట్టే రాళ్ల మీద పచ్చగా జారుడుగా ఉంటుందే, అలాంటి చోటు వీటికి కావాలి. జాలరిపేటలో ఎండుచేపల మీద ముసిరేవి ఇంటి ఈగలు, నీలిరంగులో మెరిసే పెద్ద ఈగలు. వాటి కుటుంబాలే వేరు. ఈ రాళ్ల మీది ఈగలనూ ఆ ఎండుచేపల ఈగలనూ ఒకటే అనుకోవడంతోనే ఈ భయం మొదలైంది.

"పేరు పెట్టి ఊరుకున్నారు" అన్న మాట మాత్రం నాకు బాధ కలిగించింది. ఆ పేరు వెనక ఎంత పని ఉంటుందో తెలిస్తే ఎవరూ అలా రాయరు. ఈగను మైక్రోస్కోపు కింద పెట్టి తల మీది ముళ్లలాంటి వెంట్రుకలు ఎన్ని, ఏ వైపు వంగాయి అని చూస్తారు. కళ్ల పక్కన బయటికి వంగిన వెంట్రుకలు ఈ కుటుంబానికి ఒక ముఖ్యమైన గుర్తు. రెక్కలోని నరాలు గీస్తారు. మగ ఈగ పొట్ట చివరి భాగాన్ని క్షారంలో నానబెట్టి, మెత్తబడ్డాక లోపలి అవయవాల ఆకారం చూస్తారు. జాతుల మధ్య తేడా చాలాసార్లు అక్కడే తేలుతుంది. అంతా అయ్యాక అసలు ప్రశ్న వస్తుంది: ఈ జాతిని ఉన్న ప్రజాతిలోనే చేర్చవచ్చా? చేర్చితే ఆ ప్రజాతి ఒకే పూర్వీకుడి సంతానంగా మిగలదు అని తేలితే, అప్పుడు కొత్త ప్రజాతి కావాలి. అది రుజువులతో చేసే ప్రతిపాదన. రేపు మరొకరు డీఎన్ఏ చూసి కాదనవచ్చు. 2007లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ మెకాల్పైన్, అప్పటిదాకా వేరే కుటుంబంగా ఉన్న టెథినిడే ఈగలను కెనాసిడేలో కలిపేశారు. వర్గీకరణ ఇలా సరిదిద్దుకుంటూ సాగుతుంది.

పేరు కూడా ఇష్టమొచ్చింది పెట్టడానికి వీల్లేదు. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది, లెక్క 1758 నుంచి మొదలవుతుంది. ప్రజాతికి ఒక ఆధార జాతిని, అంటే ఆ పేరు ఏ జాతిని బట్టి నిలుస్తుందో దాన్ని, చూపాలి. జాతికి ఒక మూల నమూనా, అంటే ఆ పేరుకు ఆధారంగా దాచిపెట్టిన ఈగ, ఉండాలి, అది ఏ సంగ్రహాలయంలో ఉందో చెప్పాలి. ఇదే మెకాల్పైన్ 1982లో ఒక ఈగల ప్రజాతికి 'జేల్' అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఒక చిమ్మటల ప్రజాతికి ఉంది. దాంతో 1985లో 'జేలియా' అని మార్చాల్సి వచ్చింది.

చివరిది మందు కొట్టించడం, అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. రాళ్ల మీద కొట్టిన మందు తర్వాతి పోటుకే సముద్రంలో కలుస్తుంది. అక్కడి నత్తలకు, పీతలకు, చేపపిల్లలకు అది విషం. ఎండుచేపల మీది ఈగలు మాత్రం తగ్గవు, ఎందుకంటే అవి పెరిగేది కుళ్లే చేపల వ్యర్థాల్లో. ఈగల బెడద గురించి కార్పొరేషన్‌ను అడగాలనుకునేవాళ్లు, ఆ వ్యర్థాలు రోజూ ఎత్తించమని, చేపలు ఇసుకలో కాకుండా వల కప్పి ఆరబెట్టుకునేలా ఎత్తైన మంచెలు వేయించమని అడగండి.