మహారాజశ్రీ ఎపాక్సీ గారి సముఖమునకు

హ్యూస్టన్ శివార్ల నుంచి మీ బాధితుడు వ్రాసుకొను విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తుపాకీ కూడా క్షేమమే. ఆ రెండో మాట ధైర్యంగా రాయడానికి వీల్లేకే ఉత్తరం మూడు వారాలు ఆలస్యమైంది.

మీరు మా ఇంటికొచ్చిన రోజే గొడవ మొదలైంది. బెడ్డింగ్ తెప్పించానని నేనంటే మా ఆవిడ దుప్పట్లనుకుంది. ఆమె తప్పేం లేదు. మనవాళ్లకి బెడ్డింగంటే రైలు ప్రయాణానికి బెల్టులేసి బిగించిన పరుపుచుట్టే. అట్టపెట్టె విప్పితే అందులోంచి మీరు దిగారు, ఒక పెద్ద డబ్బా, ఒక బుల్లి డబ్బా, రెండూ కలిపితే రాయిలా గట్టిపడే జిగురు.

"తుపాకీకి పరుపేంటండీ?" అంది.

పరుపే మరి. తూటా పేలే ఇనుప భాగాన్ని యాక్షన్ అంటారు. అది వాల్‌నట్ చెక్కలో తొలిచిన గాడిలో కూర్చుంటుంది, రెండు స్క్రూలు దాన్ని పట్టుకుంటాయి. చెక్క చెక్కే కదా. మా హ్యూస్టన్ ఉక్కలో తేమ తాగి ఉబ్బుతుంది, పశ్చిమ టెక్సస్ ఎండుగాలికి తీసుకెళ్తే ముడుచుకుంటుంది. కింద పీట కదిలితే 100 గజాల అవతల గుండు తగిలే చోటు మారిపోతుంది. అందుకని గాడిలో కాస్త చెక్క గోకేసి, మిమ్మల్ని నింపి, మీరింకా మెత్తగా ఉండగానే ఇనుమును కూర్చోబెట్టి, గట్టిపడ్డాక పైకి తీయాలి. ఇనుము అచ్చు మీలో దిగిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు విప్పి బిగించినా అదే చోట, అదే తీరున కూర్చుంటుంది.

నాన్నకి ఫోన్లో ఇదంతా పావుగంట చెప్పాను. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. "అష్టబంధనమన్నమాట."

గుళ్లో విగ్రహాన్ని పీఠం మీద కదలకుండా నిలపడానికి లక్క, గుగ్గిలం, తేనెమైనం, వెన్న లాంటివి కలిపి దంచి పెడతారే, ఆ ముద్ద. తిరుమలలో 12 ఏళ్లకోసారి జరుగుతుంది, 2018 ఆగస్టులో జరిగింది. ఇంత ఘనమైన చుట్టరికం పెట్టుకుని మీ డబ్బా మీద ఒక్క ముక్క రాసుకోలేదేమండీ? నాన్న అక్కడితో ఆగలేదు. కలెక్టరేట్‌లో పనిచేసి రిటైరైన మనిషి. "ఒరేయ్, ఇక్కడైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీలు బాగుచేసేవాడికి వేరే లైసెన్సుండాలి. నువ్వు కారు షెడ్డులో చేస్తానంటావేంట్రా?" అన్నారు. ఇక్కడ సొంత తుపాకీకి ఆ బాధ లేదని చెప్పాను. "అయితే ఎంసీల్ పెట్టెయ్యి" అన్నారు. ఆయన దృష్టిలో కారే కుళాయికీ తుపాకీకీ పెద్ద తేడా లేదు. మీ కుటుంబంవాడే కాబట్టి ఆ సలహా మరీ తీసిపారేయాల్సింది కూడా కాదు.

ఇక మిమ్మల్ని ఎంచుకోవడానికి నేను పడ్డ పాట్లు. మీ వంశంలో ఒక్కొక్కరి పాళ్లు, అంటే ముద్ద ఎంతకి గట్టిపరిచే మందు ఎంత అనేది, చూస్తుంటే ఉగాదికి పంచాంగంలో ఆదాయ వ్యయాలు చదువుతున్నట్టే ఉంది. ఆక్రాగ్లాస్ జెల్‌కి ఒకటికి ఒకటి. జెల్ కాని పాత ఆక్రాగ్లాస్‌కి నాలుగుకి ఒకటి, పైగా సాంబారులా కారుతుంది, పొయ్యాల్సిన చోట తప్ప అన్నిచోట్లా ఉంటుంది. డెవ్‌కాన్ ఉక్కుపొడి ముద్దకి కొలిస్తే రెండున్నరకి ఒకటి, తూస్తే తొమ్మిదికి ఒకటి. కొలిచేవాడు తూకం లెక్క వేసుకున్నాడా, అది జన్మలో గట్టిపడదు. జేబీ వెల్డ్ మా టెక్సస్ బిడ్డే, 1969లో సల్ఫర్ స్ప్రింగ్స్‌లో పుట్టాడు, ఒకటికి ఒకటి, లెక్కల్లో బలహీనులకి కొంగుబంగారం. పడవల చిల్లులు పూడ్చే మెరైన్‌టెక్స్‌ని కూడా వదల్లేదు. రాజపూజ్యం ఎవరికో, అవమానం ఎవరికో తేలక రెండు నెలలు నిద్ర పాడుచేసుకున్నాను.

ఇంతా చేసి నేను చూసిందేమిటి? ఎవరు ఎక్కువ గట్టిగా అతుకుతారా అని. మీ డబ్బాల మీద పెద్దక్షరాల్లో ఉండేది అదే మరి, చదరపు అంగుళానికి ఇన్ని వేల పౌన్లు లాగినా ఊడదని. ఊడకపోతే నాకెందుకండీ? నాకు కావాల్సింది ఊడేది! ఇనుమును పట్టుకోవడానికి స్క్రూలున్నాయి. మీ పని అచ్చులా నిలబడడం, దెబ్బకి నలగకపోవడం, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోకపోవడం. కారు సొట్టలు పూడ్చే పాలిస్టర్ పుట్టీ చవగ్గా వస్తుంది కానీ గట్టిపడుతూ కుదించుకుపోతుంది, పోసిన అచ్చు పోసినట్టుండదు. అయిదు నిమిషాల ఎపాక్సీ అని మీ కుర్రవాడొకడున్నాడు, స్క్రూ దొరికేలోపు రాయైపోతాడు. ముద్దగా ఉండి, నిదానంగా గట్టిపడి, కుదించుకోని రకం ఏదైనా ఈ పనికి చాలు. ఈ ముక్క తెలిసేసరికి నా దగ్గర నాలుగు రకాల డబ్బాలు చేరాయి. చివరికి వాడింది ఏదో చెప్పను, తప్పు దానిది కాదు.

ఆగస్టులో మొదలుపెట్టాను. ఆ నెలలో హ్యూస్టన్ షెడ్డులో అప్పడం నూనె లేకుండా వేగుతుంది. వేడి పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే మీరు గట్టిపడే వ్యవధి ఇంచుమించు సగమైపోతుందని తర్వాత చదివాను. తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, బోల్టు, తీసేశాను, తూటాలు వేరే గదిలో తాళం వేశాను. ట్రిగ్గర్ సందులోనూ చిల్లుల్లోనూ మా అమ్మాయి బంకమట్టి కూరాను, ఆకుపచ్చా గులాబీ రంగూ. కిందకి దిగే దిమ్మ ఉంటుంది, రీకాయిల్ లగ్, పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా దాని వీపు మీదే. దాని ముందు, పక్కలు, అడుగు టేపు అంటించి వీపు మాత్రం వదిలేశాను, మీకు ఆనాల్సింది అదొక్కటే కనుక. మీరు అంటుకోకుండా ఇనుమంతా రంగులేని బూట్ పాలిష్ రెండు పూతలు పూసి మెరిపించాను. తర్వాత టేపు సరిచేస్తుండగా ఇనుము వెనక కొస, తోక దగ్గర నా బొటనవేలు రాసుకుని గోరంత చోట పాలిష్ చెరిగింది. నేను చూడలేదు. నువ్వు చూశావు.

ఇక్కడి నుంచి నిన్ను నువ్వనే అంటాను. గాడిలో నిన్ను నింపి ఇనుమును కూర్చోబెట్టాను. మర్నాడు లాగితే కదల్లేదు. చెక్క సుత్తితో తట్టాను. మోకాళ్ల మధ్య పెట్టి గుంజాను. అంత ఇనుములో నీకు ఆ గోరంతే కనిపించిందా? రెండు నెలలు నీ బలం గురించి చదివినవాడికి నువ్వు నేర్పాల్సిన పాఠమా ఇది?

ఇలా పట్టుకుంటే ఫ్రీజర్‌లో పెట్టడమే మందట. చలికి ఇనుమూ నువ్వూ తలో రకంగా ముడుచుకుంటే పట్టు తెగుతుంది. షెడ్డులో పెద్ద ఫ్రీజర్ ఉంది, కానీ దాంట్లో మునక్కాడలు, కొబ్బరి తురుము, మా అత్తగారు చేసిచ్చిన గోంగూర ఏడాదికి సరిపడా ఉన్నాయి. అర్ధరాత్రి వాటన్నిటినీ ఒక పక్కకి నెట్టి తుపాకీని ఏటవాలుగా పడుకోబెట్టాను. పొద్దున్నే కరివేపాకు కోసం మూత తీసిన మా ఆవిడ అరుపు పక్కింటిదాకా వెళ్లింది.

"ఏవండీ! దీనికి పరుపు చాల్లేదా, ఏసీ కూడానా?"

వణుకుతున్న ఇనుమును బయటికి తీసి ఒక్క దెబ్బ తడితే టక్కుమంది. ఊడొచ్చింది. గోరంత నీ ముక్క మాత్రం ఇనుముతోనే వచ్చేసింది. చెమటలా నీళ్లు కమ్మేశాయి, తుడిచి నూనె రాసేసరికి చేతులు కొంకర్లుపోయాయి. అప్పుడు గాడిలోకి చూశాను. ఇనుము మీద వెంట్రుకవాసి గీత ఉంటే అదీ, పాలిష్ పూసిన గుడ్డ జాడా, నా కనుబొమ్మ వెంట్రుక ఒకటీ, అన్నీ అచ్చుదిగి నల్లగా మెరుస్తున్నాయి. తిట్టుకుంటూనే పదినిమిషాలు చూస్తూ కూర్చున్నాను.

కాల్చి చూశాను. 100 గజాల దగ్గర అయిదు గుళ్లూ ఇదివరకు అరచేయంత మేర పడేవి, ఇప్పుడు రూపాయి బిళ్లంతలో పడుతున్నాయి. కాగితం మీద అయిదు చిల్లులు దగ్గరకి జరగడానికి ఇంత రాద్ధాంతమా అని మా ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఆ రోజు గిన్నెలో మిగిలిన నిన్ను పారేయడం ఇష్టం లేక గ్రైండర్‌కి విరిగిన కాలు అతికించాను. పాళ్లు ఎంతో, పాలిష్ ఎక్కడో, ఏ చింతా లేదు. ఆ తర్వాత రెండుసార్లు ఇడ్లీ పిండి రుబ్బింది, గ్రైండర్ అంగుళం కదల్లేదు.

ఇట్లు,
మీ గోరంత బాకీ పడ్డవాడు

తా.క.: మిగిలిన మూడు డబ్బాలూ షెడ్డులో అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా మా ఆవిడ ముందు ఫ్రీజర్‌కి తాళం వేస్తోంది.