లైసెన్సు వస్తే తాళం కూడా ఇచ్చేయాలా?

అంబర్‌పేటలో ఒక ఇంటి వరండా. మామ ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. అల్లుడు ఆయన అక్క కొడుకు, క్యాబ్ నడుపుకునేవాడు. నారాయణగూడలో డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికితే కోర్టు 10,000 జరిమానా వేసింది, లైసెన్సు ఆరు నెలలు సస్పెండైంది. సోమవారంతో గడువు తీరుతుంది. కారు మామ పేరు మీద ఉంది, తాళం ఆయన బీరువాలో ఉంది. నేనెవరి పక్షమో ముందే చెప్పేస్తున్నాను: మామ పక్షం. అలాగని అల్లుడి నోరు నొక్కలేదు.

అల్లుడు: సోమవారంతోని అయిపోతది మామా. తాళమియ్యి. మంగళారం నుంచి ఎయిర్‌పోర్టు ట్రిప్పులు పట్టుకుంట.

మామ: ఏం అయిపోతది?

అల్లుడు: సస్పెన్షన్.

మామ: తారీఖు అయిపోతది. ఈ ఆర్నెల్లల్ల నీల ఏం మారిందో ఎవరన్న చూసిండ్రా?

అల్లుడు: ఇంకేం చూస్తరు? ఫైన్ కట్టిన. గోషామహల్‌ల ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్ అంటే ఇంటామెను తోలుకపోయిన. యాక్సిడెంట్ల వీడియోలు ఏసిండ్రు. నా పక్కన కూసొని కొంగు నోట్ల కుక్కుకున్నది ఆమె. ఆర్నెల్లు కారు లేదు, కిస్తు మాత్రం ఆగలే. ఒక్క తప్పుకు ఎన్నిసార్లు కట్టాలె మామా?

మామ: ట్రైనింగ్ చేసినవా?

అల్లుడు: ఏం ట్రైనింగ్?

మామ: 2019ల మోటారు వాహనాల చట్టం మార్చిండ్రు. 19వ సెక్షన్ల రాసి ఉన్నది. సస్పెండైనోడు రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేస్తేనే గడువు అయినంక లైసెన్సు చేతికియ్యాలె.

అల్లుడు: నన్నెవరూ అడగలే. నాతోని దొరికినోళ్లనూ అడగలే. తారీఖు దాటంగనే బండ్లెక్కిండ్రు.

మామ: అడగకపోతే లేనట్టేనా? మన పెద్దోడు ఇంగ్లండుల బర్మింగ్‌హామ్‌ల ఉంటడు గదా. ఆడ 100 మిల్లీలీటర్ల రక్తంల 200 మిల్లీగ్రాములు తేలినోడికి, పదేండ్లల్ల రెండుసార్లు దొరికినోడికి, నిషేధం అయిపోయినా లైసెన్సు ఉత్తగ రాదు. డాక్టరు కాడికి పోవాలె, రక్తమియ్యాలె. తాగుడు వదలనోడని తేలితే మళ్ల ఇంట్ల కూసోవుడే.

అల్లుడు: మంచిది. నాకు రీడింగ్ ఎంతొచ్చింది?

మామ: 62.

అల్లుడు: మన దగ్గర హద్దు 30. బర్మింగ్‌హామ్‌ల?

మామ: ...80.

అల్లుడు: అంటే ఆడైతే నన్ను గుడ్‌నైట్ చెప్పి పంపిద్దురు! డాక్టరు లేదు, ట్రైనింగ్ లేదు. నువ్వు ఆ దేశం ముచ్చట తెచ్చి నాకే సర్టిఫికెట్ ఇచ్చినవ్ మామా.

(మామ చాయ్ గ్లాసు ఎత్తి చూశాడు. అడుగున తాగడానికేం మిగల్లేదు.)

మామ: ఆడ రాత్రి పన్నెండింటికి రాంగ్ రూట్ల ట్రాలీ ఎదురు రాదు. ఫ్లైఓవర్ కింద చీకట్ల గేదె పండుకోదు. ఈడ నిఖార్సుగ ఉన్నోడికే తిప్పలు.

(ఇది జవాబో, తప్పించుకోవడమో నాకూ తేల్లేదు. అల్లుడు మాత్రం ఊపందుకున్నాడు.)

అల్లుడు: తిప్పలు ఎవరికో నేను చెప్త విను. బంజారాహిల్స్ సారు ఊదిండనుకో, ఆయన లైసెన్సు పోయిందనుకో. తెల్లారి డ్రైవర్ను పెట్టుకుంటడు. ఆయనకు పోయింది ఒక కార్డు ముక్క. ఆ డ్రైవరు లైసెన్సు పోతే? పొయ్యి ఆగుతది. చట్టంల ఇద్దరికీ అదే ఆర్నెల్లు. ఇంకొకటి. మన గల్లీ మూలమీద వైన్స్ ఉన్నది, పక్కనే పర్మిట్ రూమ్ ఉన్నది. దాని ముంగట 40 బండ్లు వరుసగ నిలబెడ్తరు. లోపలికి పోయినోడు బండి మీదనే వచ్చిండని సర్కారుకు తెల్వదా? పర్మిట్ ఇచ్చేది వాళ్లే, అర కిలోమీటరు అవతల మిషన్ పెట్టి ఊదమనేది వాళ్లే.

మామ: అది నిజమే.

అల్లుడు: నిజమే అంటవ్. మరి ఆ రాత్రి నాకు పోసిందెవరు?

మామ: ఎవరు?

అల్లుడు: నీ మనవరాలి ఓణీల ఫంక్షన్ల, మేడమీద, నీ చేతులతోని. "అల్లుడూ, ఇంకో పెగ్గు, మటన్ వస్తున్నది" అన్లేదా?

మామ: పండుకొమ్మని కూడ అన్న.

అల్లుడు: నువ్వన్లే. అత్త అన్నది.

మామ: మీ అత్త అంటే నేనన్నట్టే.

అల్లుడు: యాడ పండుకోవాలె? మీ వియ్యంకులోళ్లు హాలంత పర్సుకున్నరు. ఒక్క చాప లేకుండె.

మామ: చాప లేదని కారెక్కినవా? మేడమీద టెంటు గుడ్డ మడత పెట్టి ఉన్నది. మా తరం పెండ్లిళ్లల్ల గడ్డివాము కాడ పండుకున్నం.

అల్లుడు: అంబర్‌పేటల గడ్డివాము యాడున్నది?

మామ: మాట తిప్పకు.

అల్లుడు: తిప్పింది నేనా? ఆ మటన్ల కూడ నాకు బొక్కలే వచ్చినయ్, సోరువ మొత్తం మీ వియ్యంకుడికి పోయింది.

(ఇక్కడ లోపలి నుంచి అత్త "ఎవరికి బొక్కలు పెట్టిన్నురా?" అని అరిచింది. ఆ పంచాయితీ పది నిమిషాలు నడిచింది, రాయను.)

మామ: సరే. పోసింది నేనే. ఇప్పుడు నేను చెప్పేది మధ్యల ఆపకుండ విను. నాకు పొద్దున నాలుగున్నర డ్యూటీ ఉండేది. ఒక రాత్రి చుట్టాలింట్ల పదకొండు దాంక తాగిన. పండుకుంటే దిగుతదనుకున్న. మూడున్నరకు లేచి పండ్లు తోముకున్న, తానం చేసిన, మనిషిని బాగనే ఉన్ననిపిచ్చింది. చెప్పులేసుకుంటప్పుడు మీ అత్త దగ్గరికొచ్చి వాసన చూసింది. "పోకు" అన్నది. కోపమొచ్చింది. పోయిన. డిపో గేటు కాడ లైన్ల నిలబడ్డ, లోపల ఊదిపిస్తున్నరు. లెక్కలు నాకప్పుడు తెల్వయ్. తర్వాత తెలిసింది, రక్తంల ఉన్నది గంటకు 15 మిల్లీగ్రాముల లెక్కన దిగుతదంట, తానం చేస్తే దిగదు, చాయ్ తాగితే దిగదు. నా ముంగట ముగ్గురున్నరు. ఎనకకు తిరిగి సిక్ పెట్టిన.

అల్లుడు: సిక్ పెడితే జీతమొచ్చింది గదా?

మామ: వచ్చింది.

అల్లుడు: నేను యాడ పెట్టాలె సిక్? నీకు డిపో ఉండె, గేటు ఉండె, లోపల మిషన్ ఉండె. నాకు యాప్ ఉన్నది. అది ఊదమనదు, ఆన్ చెయ్యకపోతే తెల్లారి ట్రిప్పులు తగ్గుతయ్.

మామ: ఆ మాట ఒప్పుకుంట. అందుకే నీ గేటు నేనైత అంటున్న. 2025 అక్టోబరు 24 తెల్లారుజామున కర్నూలు కాడ చిన్నటేకూరుల ఏమైంది? తాగినోడు బైకు డివైడరుకు కొట్టి సచ్చిపోయిండు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు వచ్చింది. మంట లేచింది. బస్సుల 19 మంది పోయిండ్రు. ఆ వార్త చూస్తే నాకు బైకోడు గుర్తుకు రాడు. స్టీరింగ్ మీద నేను కూసున్నట్టు, ఎనక సీట్లల్ల పండుకున్న జనం నా జనమైనట్టు అనిపిస్తది.

అల్లుడు: నేను ఆ రాత్రి ఎవరికీ తగల్లే.

మామ: తగల్లే. పోయిన శుక్రారం రామంతాపూర్ పెట్రోల్ బంక్‌ల బైకు మీద ఎవరు?

అల్లుడు: ...పాపకు జరమొచ్చింది. మందులకు పోయిన. చుక్క ముట్టలే, ఒట్టు.

మామ: ముట్టలేదని ఎరుకే. లైసెన్సు లేదు. సస్పెన్షన్ల ఉండి నడిపితే మూడు నెలల జైలన్న, 10,000 ఫైనన్న, రెండన్న. అది నీది. లైసెన్సు లేకుంట నా కారుతోని ఎవరినన్న గుద్దితే ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లకు పైసలిచ్చి నా మీదికొస్తది, బండి ఇచ్చినోడివి నువ్వే కట్టు అంటది. నా పింఛను ఎంతో నీకు తెలుసు. ఆర్నెల్లు ఆగలేనోడివి, మంగళారం తాళం అడుగుతున్నవ్.

అల్లుడు: ఆటోకు 180 అడిగిండు మామా శుక్రారం రాత్రి.

మామ: నాకు ఫోన్ చేయకపోతివా?

అల్లుడు: చేస్తే తిడ్తవు.

మామ: తిట్టుకుంటనే వద్దును.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. గేటు అవతల ఎవరో స్కూటీ స్టార్ట్ కాక కిక్ కొడుతున్నారు.)

అల్లుడు: ఆ ట్రైనింగ్ ఎన్ని రోజులు?

మామ: సోమవారం ఆర్టీఏ ఆఫీసుకు పోయి అడుగుదాం. వాళ్లు అక్కర్లేదన్నా నాకు అక్కరున్నది.

అల్లుడు: నువ్వెందుకు?

మామ: నువ్వొక్కనివి పోతే అడగకుండనే వస్తవ్. ఇద్దరం బస్సుల పోదాం.

అల్లుడు: ఈ నెల కిస్తు?

మామ: నేను కడత.

అల్లుడు: పోయిన నెలదీ నువ్వే కడితివి.

మామ: రాసిపెట్టిన. ట్రైనింగ్ ఫీజు కూడ దాంట్లనే రాస్త.